కోశాక కూడా కూరగాయ బతికే ఉంటుంది

అక్టోబర్ మొదటి వారాల్లో ఒక సాయంత్రం ఫోన్‌లో హెచ్చరిక వస్తుంది: ఈ రాత్రికి ఫ్రాస్ట్, అంటే మొక్కల మీద మంచు పేరుకునే చలి. అమెరికాలోని మిషిగన్‌లో పెరటి తోట వేసిన తెలుగిళ్ళన్నిటిలో ఆ సాయంత్రం ఇంచుమించు ఒకేలా గడుస్తుంది. ఆఫీసు నుంచి వచ్చినవాళ్ళు వచ్చినట్టే టార్చిలైటు పట్టుకుని పెరట్లోకి పరుగెడతారు. పందిరి మీద మిగిలిన సొరకాయలు, లేతా ముదురూ చూడకుండా వంకాయలు, మిరపకాయలు, ఇంకా రంగు తిరగని టమాటాలు, మొదలంటా నరికిన గోంగూర కట్టలు అన్నీ లోపలికి చేరతాయి. తెల్లారేసరికి తోటలో తీగలు ఉడికించినట్టు నల్లబడి వాలిపోయి ఉంటాయి. వంటింటి బల్ల మీద మాత్రం మే నెల నుంచి చేసిన చాకిరీ అంతా గుట్టగా కనిపిస్తుంది.

మళ్ళీ నేలలో మొక్క నాటేది మే మధ్యలో. అంటే మధ్యలో ఏడు నెలలు. ఈ గుట్టలో ఎంత భాగం ఆ ఏడు నెలల్లో మన కంచంలోకి వస్తుంది, ఎంత చెత్తబుట్టలోకి పోతుంది అన్నది చాలావరకు ఆ ఒక్క వారంలో మనం తీసుకునే నిర్ణయాల మీదే ఉంటుంది.

మేము మొదటి ఏడాది అన్నిటినీ ఫ్రిజ్‌లో సర్దేశాం. చల్లగా ఉంటే పాడవదు కదా అన్నది మా ధీమా. పది రోజులు తిరగకుండానే వంకాయల మీద గోధుమరంగు గుంటలు పడ్డాయి, కోసి చూస్తే గింజలు నల్లబడ్డాయి. దోసకాయలు జిగురు పట్టాయి. టమాటాలు ఎర్రబడ్డాయి గానీ రుచీ వాసనా లేవు. చిలగడదుంపలు ఎంతసేపు ఉడికించినా మధ్యలో గట్టిగానే ఉన్నాయి. క్యారెట్లు చక్కగా ఉన్నాయి, తింటే చేదు. గరాజ్‌లో వదిలేసిన గుమ్మడికాయలు డిసెంబర్ చలికి గడ్డకట్టి, తర్వాత నీళ్ళు కారాయి. అప్పుడు మా తోట మట్టి మంచిది కాదేమో, విత్తనాలు మంచివి కావేమో అనుకున్నాం. అవేవీ కాదు. ఈ ఆరు నష్టాలకీ కారణాలున్నాయి. వాటిని ఒక్కొక్కటిగా విప్పితే మిగతాదంతా దానంతటదే అర్థమవుతుంది.

మొదట తెలుసుకోవాల్సింది ఇది: కాయని తీగ నుంచి కోసినంత మాత్రాన దాని ప్రాణం పోదు. అది గాలిలోని ఆక్సిజన్ పీల్చుకుంటూ, తనలో దాచుకున్న చక్కెరని ఖర్చు పెడుతూ, వేడినీ తేమనీ బయటికి వదులుతూ ఉంటుంది. తీగ మీద ఉన్నంతకాలం ఖర్చయినది మళ్ళీ వచ్చి చేరేది. ఇప్పుడు రాబడి లేదు, ఖర్చే ఉంది. దాచుకున్నది అయిపోయేకొద్దీ కాయ వడలిపోతుంది, తీపి తగ్గుతుంది, చివరికి బూజుకి లొంగిపోతుంది. ఈ ఖర్చు అన్నిటికీ ఒకేలా ఉండదు. బెండకాయ, బఠానీ లాంటివి దుబారా మనుషులు, చాలా వేగంగా ఊపిరి పీలుస్తాయి. ఉల్లిపాయ, బంగాళాదుంప పొదుపరులు. వాతావరణం 10 డిగ్రీల సెల్సియస్ పెరిగితే ఊపిరి వేగం సుమారు రెండు మూడు రెట్లవుతుంది. అందుకే చల్లదనం ఆయుష్షు పెంచుతుంది. ఇక్కడిదాకా మా ధీమా తప్పేమీ కాదు.

తప్పు ఎక్కడంటే, ఏది ఎంత చలి ఓర్చుకోగలదన్న సంగతి మర్చిపోవడంలో. చలికాలంలో మన ఊళ్ళో నెయ్యి గిన్నెలో పేరుకుంటుంది, కొబ్బరినూనె సీసాలో గడ్డకడుతుంది, పక్కనే ఉన్న వేరుశనగ నూనె మాత్రం జారుతూనే ఉంటుంది. కూరగాయలోని ప్రతి కణం చుట్టూ కొవ్వుతో అల్లిన పల్చటి పొర ఉంటుంది. వేడి దేశాల మొక్కల్లో ఆ పొర నెయ్యి లాంటిది. 10 డిగ్రీల కిందికి దిగితే బిరుసెక్కడం మొదలవుతుంది. లోపలి రసాలు బయటికి కారతాయి, కారినచోట గుంట పడుతుంది, ఆ గుంటలో బూజు దిగుతుంది. చలి దేశాల మొక్కల్లో ఆ పొర జారే నూనె లాంటిది, సున్నా దాకా వెళ్ళినా పని చేస్తూనే ఉంటుంది. మొదటి రకం కూరలకి జరిగే ఈ నష్టాన్ని ఇక్కడి వ్యవసాయ శాస్త్రవేత్తలు చిల్లింగ్ ఇంజురీ, అంటే చలి గాయం అని పిలుస్తారు. ఫ్రిజ్‌లో ఉన్నన్నాళ్ళూ పెద్దగా బయటపడదు. బయటికి తీసి వంటింట్లో పెట్టిన ఒకటి రెండు రోజుల్లో ఒక్కసారిగా కనబడుతుంది.

మనం విత్తనాలు తెప్పించుకుని, పోట్లాడి మరీ పెంచుకునేవి దాదాపు అన్నీ మొదటి రకమే: వంకాయ, బెండ, దోస, సొర, బీర, కాకర, టమాటా, మిరప, చిలగడదుంప, అల్లం. క్యారెట్, బీట్‌రూట్, ముల్లంగి, క్యాబేజీ, ఉల్లి, వెల్లుల్లి, పాలకూర, కొత్తిమీర రెండో రకం. ఫ్రిజ్ లోపల ఉండేది సుమారు 4 డిగ్రీలు. అంటే ఫ్రిజ్ అన్నది రెండో రకం కూరల కోసం కట్టిన ఇల్లు. మన కూరలు అందులో నాలుగైదు రోజుల అతిథులు మాత్రమే.

కాబట్టి బల్ల మీద గుట్ట చూడగానే వేసుకోవాల్సిన ప్రశ్న "ఫ్రిజ్‌లో చోటుందా?" అన్నది కాదు. దీన్ని ప్రాణంతో నిద్రపుచ్చి ఉంచగలనా, లేక దీని ప్రాణం ఆపి దాచాలా? గుమ్మడి, దుంపలు, ఉల్లి, క్యారెట్, క్యాబేజీ నిద్రపోగలవు. బెండ, గోంగూర, వంకాయ, బీర నిద్రపోవు. వాటిని గడ్డకట్టించాలి, లేదా ఎండబెట్టాలి, లేదా ఉప్పూ పులుపుల్లో పెట్టాలి. ఏడు నెలల లెక్కంతా ఈ విభజన మీదే నడుస్తుంది.

నిద్రపోయేవాటిలో గుమ్మడికాయ గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే అది అంత ఉదారమైన కాయ. గోరుతో గిల్లితే తొక్క మీద గీత పడనంత ముదిరాక కోయాలి. ముచ్చిక దగ్గర రెండు మూడు అంగుళాల తొడిమ ఉంచి కోయాలి. ఆ తొడిమ పట్టుకుని మోయకూడదు, అది ఊడిందా, కుళ్ళు లోపలికి వెళ్ళడానికి తలుపు తెరిచినట్టే. కోశాక నేరుగా చలిచోట పెట్టకుండా 27 నుంచి 29 డిగ్రీల వెచ్చదనంలో పది రోజులు ఉంచాలి. ఎండ తగిలే కిటికీ పక్కనో, ఫర్నేస్ గదిలోనో పెడితే సరిపోతుంది. ఆ పది రోజుల్లో తొక్క గట్టిపడుతుంది, గీతలూ గాట్లూ మానతాయి. తర్వాత 10 నుంచి 13 డిగ్రీల చోట, ఒకదానికొకటి తగలకుండా, సిమెంటు నేల మీద కాకుండా చెక్క అరలో ఉంచాలి. చాలా ఇళ్ళలో బేస్‌మెంట్‌లో వేడిగాలి గొట్టాలకి దూరంగా ఉన్న మూల సరిగ్గా ఇలాగే ఉంటుంది. పది పన్నెండు డాలర్లు పెట్టి ఒక థర్మామీటర్ కొని నాలుగు మూలలూ కొలిచి చూడండి. మా ఇంట్లో ఒకే బేస్‌మెంట్‌లో రెండు మూలలకి 6 డిగ్రీల తేడా ఉంది.

బటర్‌నట్ గుమ్మడి ఇలా రెండు మూడు నెలలు ఆగుతుంది. కొన్ని రకాలు అయిదారు నెలలు కూడా. బూడిద గుమ్మడి ఇంకా గట్టిది. దాని ఒంటి మీద పూసినట్టుండే ఆ తెల్లటి బూడిద నిజానికి మైనం. తేమని బయటికి పోనివ్వదు. అందుకే దాన్ని కడగకూడదు, గుడ్డతో రుద్దకూడదు. మన ఊళ్ళలో దూలానికి వేలాడదీసిన గుమ్మడికాయని చూసినవాళ్ళకి ఇదంతా తెలిసిన సంగతే: చుట్టూ గాలి, కిందా పైనా ఒత్తిడి లేదు, ఎలక అందుకోలేదు. సంక్రాంతి ముక్కల పులుసులో సొంత పెరటి గుమ్మడి ముక్క వేసుకోవడం మిషిగన్‌లో కూడా సాధ్యమే. అక్టోబర్‌లో ఆ పది రోజుల వెచ్చదనం ఇవ్వడమే దానికి కావాల్సింది.

చిలగడదుంపకీ ఇలాంటి వైద్యమే, కాకపోతే తేమ ఎక్కువ కావాలి. 29 డిగ్రీల దగ్గర, 85 నుంచి 90 శాతం తేమలో వారం రోజులు. చిన్న బాత్‌రూమ్‌లో రూమ్ హీటర్ జాగ్రత్తగా ఒక పక్కన పెట్టి, బకెట్ నిండా నీళ్ళు ఉంచి తలుపు వేస్తే కుదిరింది. ఈ వారంలోనే దుంపలో పిండిపదార్థం తీపిగా మారడం మొదలవుతుంది. ఆ తర్వాత 13 నుంచి 15 డిగ్రీలు. 10 కిందికి వెళ్తే మా మొదటి ఏడాది దుంపల్లాగా మధ్యలో ఉడకని గట్టి ముద్ద మిగులుతుంది.

బంగాళాదుంప చూడ్డానికి దాని చుట్టంలా ఉంటుంది గానీ స్వభావం వేరు. దానికి చీకటి కావాలి, వెలుతురు తగిలితే పచ్చబడి సోలనిన్ అనే విషపదార్థం చేరుతుంది. 4 నుంచి 10 డిగ్రీల మధ్య బాగుంటుంది. అంతకంటే చల్లబడితే పిండి చక్కెరగా మారుతుంది. ఫ్రిజ్‌లో పెట్టిన దుంపతో చేసిన వేపుడు తొందరగా నల్లబడటానికి కారణం ఇదే, మూకుడిదీ నూనెదీ తప్పు కాదు. ఉల్లిపాయలని బంగాళాదుంపల బుట్టలో కలిపి పెట్టే అలవాటు మానుకోవాలి. దుంప వదిలే తేమకి ఉల్లి మొలకెత్తుతుంది. ఉల్లికి ఒక విచిత్రమైన గుణం ఉంది: సున్నా దగ్గర బాగా నిద్రపోతుంది, 25 నుంచి 30 దగ్గర కూడా నిద్రపోతుంది, మధ్యలో 10, 15 డిగ్రీల దగ్గర మాత్రం మెలకువ వచ్చి మొలకేస్తుంది. మన దేశంలో వేడి వాతావరణంలోనే గాలాడే పాకల్లో ఉల్లి నెలల తరబడి నిలవ ఉండటానికి కారణం ఆ గుణమే. గుమ్మడికి బాగుండే బేస్‌మెంట్ మూల ఉల్లికి ఎందుకు బాగుండదో కూడా దానివల్లే తెలుస్తుంది.

ఇప్పుడు ఆ చేదెక్కిన క్యారెట్లు. తప్పు క్యారెట్లది కాదు, పక్కన పెట్టిన ఆపిల్ పళ్ళది. పండే పండ్లు ఎథిలీన్ అనే వాయువు వదులుతాయి. అది పక్కవాటికి "మీరూ పండండి, ముదరండి" అని చెప్పే కబురు లాంటిది. ఆ కబురు అందుకున్న క్యారెట్ తనని కాపాడుకోవడానికి చేదు పదార్థం తయారు చేసుకుంటుంది. ఆకుకూరలు పసుపుబారతాయి. ఆపిల్, అరటి, పండిన టమాటా ఉన్న డ్రాయర్‌లో క్యారెట్టూ కొత్తిమీరా ఉంచకూడదు. అదే వాయువు మరోచోట మేలు చేస్తుంది. రంగు తిరగని టమాటాలని ఒక్కొక్కటీ న్యూస్‌పేపర్‌లో చుట్టి, అట్టపెట్టెలో ఒకే వరసగా పేర్చి, 13 నుంచి 15 డిగ్రీల చోట పెడితే నెమ్మదిగా పండుతూ నవంబర్ చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ దాటేదాకా వస్తాయి. తొందరగా కావాలనుకున్నవాటి దగ్గర ఒక ఆపిల్ పండు పడేస్తే చాలు. అయితే ముదిరి, కొంచెం తెల్లబారిన ఆకుపచ్చ టమాటాలే ఇలా పండుతాయి. మరీ లేతవి పండవు, ముడతలు పడతాయి. వాటిని మర్నాడే పప్పులో వేసేయండి, లేదా పచ్చి టమాటా పచ్చడి చేసేయండి. నన్నడిగితే ఆ పచ్చడి కోసమే కొన్ని టమాటాలు పండకుండా మిగలడం మంచిది.

క్యారెట్లు అసలు లోపలికి తేవాల్సిన అవసరం కూడా లేదు. నేలలోనే వదిలేసి, మీద అడుగు మందాన ఎండుటాకులో గడ్డో కప్పితే నేల గడ్డకట్టడం ఆలస్యమవుతుంది, డిసెంబర్‌లో కూడా తవ్వుకోవచ్చు. చలికి తట్టుకోవడానికి క్యారెట్ తనలో చక్కెర పెంచుకుంటుంది. చక్కెర ఎక్కువున్న రసం తొందరగా గడ్డకట్టదు కాబట్టి. చలి తగిలిన క్యారెట్టుతో హల్వా చేస్తే చక్కెర తగ్గించుకోవాల్సి వస్తుంది. జనవరి తర్వాతి కోసం అయితే ఆకులు తుంచేసి, కడగకుండా, తడి ఇసుకలో వరసలుగా పేర్చి సున్నాకి దగ్గరగా ఉండే చోట ఉంచాలి. అలా నాలుగైదు నెలలు కరకరలాడుతూ ఉంటాయి. మన పల్లెల్లో అల్లం ఇసుకలో పాతిపెట్టడం, జొన్నలు పాతరలో పోయడం తెలిసినవాళ్ళకి ఇక్కడి నేలమాళిగ పద్ధతి కొత్తేమీ కాదు. భూమి లోపల చలీ ఎండా రెండూ నెమ్మదిగా వస్తాయి, నెమ్మదిగా పోతాయి, అదే దాని ఉపయోగం.

ఇక నిద్రపోనివాటి సంగతి. వీటికి ఫ్రీజర్ మొదటి దారి, మైనస్ 18 డిగ్రీలు. ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు పచ్చివి పచ్చిగానే సంచీలో వేసి గడ్డకట్టించడం. మైనస్ 18 దగ్గర సూక్ష్మజీవులు పెరగవు, కానీ కూరగాయలోని ఎంజైములు పూర్తిగా ఆగవు. నెమ్మదిగా పని చేస్తూనే ఉంటాయి. నాలుగు నెలల తర్వాత తీస్తే చిక్కుడుకాయకి ఎండుగడ్డి వాసన వస్తుంది, రంగు పోతుంది. అందుకే ముందు మరిగే నీళ్ళలో కాసేపు ముంచి, వెంటనే ఐస్ నీళ్ళలోకి తీయాలి. చిక్కుడు, బీన్స్ అయితే 3 నిమిషాలు, బెండకాయలు ముచ్చిక విప్పకుండా నిండుగా 3 నుంచి 4 నిమిషాలు, ఆకుకూరలు 2 నిమిషాలు. దీన్ని బ్లాంచింగ్ అంటారు. మరీ తక్కువసేపు ముంచితే అసలు ముంచకపోవడం కంటే నష్టం, ఎందుకంటే ఆ కొద్ది వేడికి ఎంజైములు ఇంకా చురుగ్గా తయారవుతాయి. పచ్చిమిరపకాయలకీ ఉల్లికీ ఈ బాధ లేదు, కడిగి తడి ఆరాక అలాగే పెట్టేయొచ్చు.

మన వంటకి ఇంకో సులువైన దారి ఉంది. పోపు మూకుట్లో మగ్గించడం కూడా ఎంజైములని ఆపేదే. బెండకాయ చక్రాలు నూనెలో జిగురు పోయేదాకా వేయించి, చల్లార్చి పెడితే ఫిబ్రవరిలో నేరుగా పులుసులోకో వేపుడులోకో వెళ్ళిపోతాయి. వంకాయ కాల్చి గుజ్జు తీసి పెట్టుకుంటే పచ్చడి చేయడం ఎంతసేపు? వంకాయ ముక్కలు పచ్చిగా గడ్డకట్టిస్తే మాత్రం స్పాంజిలా అవుతాయి. గడ్డకట్టేటప్పుడు కణాల్లోని నీరు మంచు సూదులుగా మారి గోడలని చీల్చేస్తుంది. నెమ్మదిగా గడ్డకట్టేకొద్దీ సూదులు పెద్దవవుతాయి. 1920లలో క్లారెన్స్ బర్డ్స్‌ఐ అనే అమెరికన్ ఫ్రోజెన్ ఫుడ్ వ్యాపారానికి దారి వేసింది ఈ రహస్యంతోనే. ఇప్పటి కెనడా తూర్పు తీరంలోని లాబ్రడార్‌లో అక్కడి స్థానికులు పట్టిన చేప తీవ్రమైన చలిగాలికి క్షణాల్లో గడ్డకట్టడం, నెలల తర్వాత కూడా తాజా చేపలా ఉండటం ఆయన గమనించాడు. మనకి ఆ చలిగాలి లేదు కాబట్టి ముక్కలని ఒక ట్రేలో విడివిడిగా పరిచి గడ్డకట్టించి, తర్వాత సంచీలోకి ఎత్తుకోవాలి. నీరెక్కువున్న బీర, సొర, ముల్లంగి ఎంత జాగ్రత్తగా చేసినా మెత్తబడతాయి. వాటిని పప్పుకీ పచ్చడికీ కేటాయించండి, వేపుడు ఆశించకండి. టమాటాలు మాత్రం నిండు కాయలే పెట్టేయొచ్చు. తీసి గోరువెచ్చటి నీళ్ళలో ముంచితే తొక్క చేతికి ఊడివస్తుంది, చారుకి అంతకంటే ఏం కావాలి?

గోంగూర గురించి వేరుగా చెప్పాలి. తెలంగాణ వాళ్ళు పుంటికూర అనే ఈ ఆకుని పాలకూరలా నీళ్ళలో ముంచి తీస్తే పులుపు సగం నీళ్ళలోకే పోతుంది. అమ్మ చెప్పినట్టు కొద్ది నూనెలో నీళ్ళు పోయకుండా మగ్గించడమే సరైన పద్ధతి. మూకుట్లో పడగానే ఆకు రంగు మట్టిరంగులోకి తిరుగుతుంది, కంగారు పడనక్కర్లేదు. ఆకుపచ్చ రంగునిచ్చే పత్రహరితం మధ్యలో ఒక మెగ్నీషియం పరమాణువు కూర్చుని ఉంటుంది. గోంగూరలోని ఆమ్లం, వేడి తోడయ్యేసరికి దాన్ని తోసేస్తుంది. పులుపు లేని పాలకూర అదే వేడికి పచ్చగా ఉండటానికీ, గోంగూర ఉండలేకపోవడానికీ తేడా అంతే. మగ్గిన ముద్దని జిప్ సంచీల్లో పల్చగా పరిచి పెడితే జనవరిలో ఒక ముక్క విరుచుకుని పప్పులో వేసుకోవచ్చు. నిండుగా ఉన్న ఫ్రీజర్ తలుపు తెరవకపోతే కరెంటు పోయినా సుమారు 48 గంటలు ఆగుతుంది, సగమే నిండితే 24 గంటలు. మంచు తుఫానుకి కరెంటు పోయిన రాత్రి మూతలు తీసి చూడకండి.

రెండో దారి ఎండబెట్టడం. ఇది మన సొంత విద్య. వంకాయ ఒరుగులు, కాకరకాయ ఒరుగులు, గోరుచిక్కుడు ఒరుగులు, చల్ల మిరపకాయలు. మన దగ్గర ఇది ఎండాకాలపు పని, కూరలు దొరకని వానాకాలం కోసం. ఇక్కడ చలికాలం కోసం చేయాలి, కానీ కాపు చేతికొచ్చేసరికి ఎండ పోతుంది. గుంటూరు మే నెల ఎండ 40 దాటి, మేడ మీద పరిచిన ముక్క రెండు మూడు రోజుల్లో గలగలలాడుతుంది. మిషిగన్ సెప్టెంబర్ ఎండలో అదే ముక్క నాలుగో రోజుకి బూజు పడుతుంది. దారి ఏమిటంటే డీహైడ్రేటర్ అనే ఆరబెట్టే యంత్రం, 57 డిగ్రీల దగ్గర. లేదా అంత తక్కువ వేడికి వచ్చే ఓవెన్, తలుపు కొంచెం తెరిచి పెట్టి. గోరుచిక్కుడుని ఉప్పు నీళ్ళలో ఒక్క పొంగు రానిచ్చి ఎండబెట్టమని పెద్దవాళ్ళు ఎందుకనేవారో ఇప్పుడు మీకే తెలిసి ఉంటుంది. అది మన బ్లాంచింగ్. ఎవరూ పేరు పెట్టలేదు, అంతే.

ముక్క వంచితే వంగకుండా పుటుక్కున విరగాలి. ఎండాక గాజు సీసాలో మూడింట రెండు వంతులు నింపి, వారం రోజులు రోజూ ఒకసారి కుదపాలి. సీసా లోపల ఎక్కడైనా ఆవిరి చెమ్మ కనిపిస్తే మళ్ళీ ఆరబెట్టాల్సిందే. చలికాలంలో హీటర్ తిరిగే ఇంట్లో గాలి బాగా పొడిగా ఉంటుంది, మన చర్మం పగిలేది అందుకే. ఆ పొడి గాలి మిరపకాయలకి వరం. పండు మిరపకాయలు దారానికి గుచ్చి వంటింట్లో వేలాడదీస్తే కొన్ని వారాల్లో వాటంతటవే ఎండిపోతాయి.

మూడో దారి సీసాలూ జాడీలూ. ఇక్కడ రుచి కంటే ముందు ప్రాణం గురించి మాట్లాడాలి. 2015 ఏప్రిల్‌లో, మాకు పక్క రాష్ట్రమే అయిన ఒహాయోలోని లాంకాస్టర్‌లో చర్చి విందు తిన్న 29 మంది జబ్బుపడ్డారు, ఒకరు చనిపోయారు. కారణం ఇంట్లో సీసాల్లో నిలవ పెట్టిన బంగాళాదుంపలతో చేసిన సలాడ్. వాటిని, సీసాలని ఒత్తిడి ఆవిరిలో వేడి చేసే ప్రెషర్ కానర్‌లో కాకుండా మామూలు మరుగు నీళ్ళలో ఉంచి మూత పెట్టారు. మట్టిలో ఉండే బొట్యులినం అనే సూక్ష్మజీవి బీజాలు 100 డిగ్రీల మరుగులో చావవు. గాలి లేని, తేమ ఉన్న, పులుపు లేని చోట మేల్కొని విషం తయారు చేస్తాయి. మూత బిగించిన సీసా సరిగ్గా అలాంటి చోటు. ఆ విషానికి రంగు, రుచి, వాసన ఏవీ ఉండనక్కర్లేదు. పులుపుని కొలిచే పీహెచ్ లెక్కలో (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) దానికి గీత 4.6 దగ్గర ఉంది. అంతకంటే పుల్లగా ఉంటే అది పెరగలేదు. క్యారెట్, బీన్స్, బెండ, దుంపలు, గుమ్మడి ఏవీ అంత పుల్లగా ఉండవు. వాటిని సీసాలో నిలవ పెట్టాలంటే 116 డిగ్రీలూ అంతకు పైన వేడినిచ్చే ప్రెషర్ కానర్ కావాలి.

మన ప్రెషర్ కుక్కర్ చాలదా అని చాలామంది అడుగుతారు. చాలదు. లోపల వేడి సరిపోవచ్చు, కానీ చిన్న కుక్కర్ తొందరగా వేడెక్కి తొందరగా చల్లారుతుంది. పరీక్షించి ఇచ్చిన సమయాలన్నీ పెద్ద పాత్ర నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లారే లెక్కతో కట్టినవి. అమెరికా వ్యవసాయ శాఖ కూడా మామూలు కుక్కర్‌ని ఈ పనికి వాడొద్దనే చెబుతుంది.

ఇంతకంటే మనకి దగ్గరి ప్రమాదం ఒకటుంది. నూనె పైకి తేలి ఉంటే పచ్చడి పాడవదన్న నమ్మకం. నూనె గాలిని ఆపుతుంది కాబట్టి బూజు రాదు, అది నిజమే. కానీ బొట్యులినానికి గాలి లేకపోవడమే కావాలి. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో నూనెలో వేసిన తరిగిన వెల్లుల్లి తిని 36 మంది ఈ విషానికి గురయ్యారు. ఆవకాయ నిలిచేది నూనె వల్ల కాదు. పచ్చి మామిడి పులుపు, దిట్టంగా పడే ఉప్పు, తడి తగలని పొడి వల్ల. అందుకే అమ్మలు ఉప్పు పాళ్ళ విషయంలో, తడి గరిటె విషయంలో అంత గట్టిగా ఉండేవారు. బీపీ అని ఉప్పు సగానికి తగ్గించి, పులుపు కూడా చూడకుండా, ఉడికిన వంకాయలో వెల్లుల్లి తాలింపు పెట్టి "పైన నూనె ఉందిగా" అని బల్ల మీద వదిలేస్తే అది ఆవకాయ బంధువు కాదు. ఉప్పు తగ్గించి చేసుకోండి, మంచిదే. కానీ ఫ్రిజ్‌లో పెట్టి కొద్ది రోజుల్లో తినేయండి, లేదా చిన్న డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెట్టండి. టమాటాలు కూడా ఈ గీత అటూ ఇటూ ఊగిసలాడేవే. సీసాల్లో పెట్టేవాళ్ళు అర లీటరు సీసాకి ఒక పెద్ద చెంచా, లీటరు సీసాకి రెండు పెద్ద చెంచాల నిమ్మరసం కలపాలి. చెట్టు నిమ్మకాయ పిండింది కాదు, సీసాలో అమ్మేది. దాని పులుపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది కాబట్టి.

దాచడం సగం పని. మిగతా సగం వరస తప్పకుండా వాడుకోవడం. ఇంట్లో అన్నీ ఉన్నాయన్న ధైర్యంతో మనం నచ్చింది ముందు తింటాం, పాడయ్యేది మిగులుతుంది. అక్టోబర్‌లో వంకాయలు, దోసకాయలు, లేత సొరకాయలు. నవంబర్‌లో పెట్టెలో పండుతున్న టమాటాలు, ముచ్చిక ఊడిన లేదా గాటు పడిన గుమ్మడికాయలు. డిసెంబర్, జనవరిలో క్యాబేజీ, మంచి గుమ్మడికాయలు, చిలగడదుంపలు. ఇసుకలో క్యారెట్లు, ఫ్రీజర్‌లో గోంగూర, సీసాలో ఒరుగులు చివరికి. ఇవి ఎన్నాళ్ళైనా ఆగుతాయి కదా అని వాటినే ముందు తెరవకండి. వారానికొకసారి, మా ఇంట్లో ఆదివారం పొద్దున, బేస్‌మెంట్‌లోకి వెళ్ళి ప్రతి కాయనీ చేత్తో తిప్పి చూడాలి. మెత్తబడ్డది కనిపిస్తే ఆ పూటే కోసేయాలి. ఒక కుళ్ళిన దుంప పక్కన ఉన్నవాటన్నిటినీ తీసుకుపోతుంది.

వీసా గడువు ప్రకారం అమ్మ ఏటా అక్టోబర్‌లోనే తిరిగి వెళ్తుంది, మొక్కలు తను పెంచుతుంది, కాపు మేము తింటాం. మార్చిలో ఆఖరి గుమ్మడికాయ కోసిన రోజు వీడియో కాల్‌లో ముందు అడిగేది గింజల గురించే. కోసిన వెంటనే తీసిన గింజల కంటే కొన్ని వారాలు కాయలోనే ఉన్న గింజలు నిండుగా, బరువుగా ఉంటాయి. కోశాక కూడా కొన్నాళ్ళు కాయ తన దగ్గర ఉన్నది వాటికి పెడుతూనే ఉంటుంది. కడిగి, ప్లేటు మీద విడివిడిగా ఆరబెట్టి, వాటిలో లావైనవి ఇరవై ఏరి కాగితం పొట్లం కట్టాను. సొరకాయ గింజలు వేరే పొట్లం. ఏప్రిల్ మూడో వారంలో కిటికీ దగ్గర కుండీల్లో పెట్టాలి.